పాట మాత్రమే

“పాట నాది కాదు. రేడియో కూడా నాది కాదు. రిపేరు ఒక్కటే నాది.”

మీసాలాయన ఈ మూడు ముక్కలూ పైకి చదివేసరికి గదిలో నవ్వులు లేచాయి. నలభై మంది కూర్చునే గది అది. తలలు వంచుకుని ఎవరి తెరలోకి వాళ్ళు చూస్తూ రోజు వెళ్ళదీస్తారు. నవ్వడానికి ఏదైనా దొరికిందంటే ఊరికే వదలరు.

“ఇంకోసారి చదవండి గురూగారూ, సరిగ్గా వినబడలేదు,” అన్నారు కిటికీ వరసలో ఎవరో.

మీసాలాయన కుర్చీ వెనక్కి జరిపి, గొంతు సవరించుకుని, నాటకంలో మహారాజులా మళ్ళీ చదివాడు. ఈసారి కిందున్న మూడు వాక్యాలు కూడా కలిపాడు. “రేడియో పలికిందో లేదో తెలియాలంటే అందులో ఏదో ఒకటి మోగాలి. అప్పుడు స్టేషన్లో ఆ పాట వస్తోంది. కావాలంటే వాళ్ళని అడగండి.”

“అడిగి రండి మరి, ఎంతసేపు!”

“ఈయన్ని తీసుకొచ్చి మన ఇన్‌ఛార్జి సీట్లో కూర్చోబెడితే సరి.”

పంతులమ్మ నవ్వలేదు. మొదటి వాక్యంలోనే ఆమెకు మనిషెవరో తెలిసిపోయింది. ఒక్కో మాట దగ్గర ఆగి, తూచి, కింద పెట్టినట్టు మాట్లాడేవాడు ఆమె ఎరిగినంతలో ఒక్కడే. అక్క మొగుడు.

ఆ గదిలో జరిగేది పెద్ద విద్యేమీ కాదు. జనం వీడియోలు పెట్టుకునే వెబ్‌సైటు ఒకటుంది. మా పాట వాడుకున్నారని, మా సినిమా ముక్క వాడుకున్నారని హక్కుదారులు దానికి ఫిర్యాదులు పంపుతారు. ఫారంలో పదకొండు గళ్ళు. పదకొండూ నిండితే వీడియో తీసేయాలి. తీయించుకున్నవాడికి అభ్యంతరముంటే వాడూ ఒక ఫారం నింపి పంపాలి. ఏ ఫారానికైనా తొంభై సెకన్లే. న్యాయం ఎవరి పక్కనుందో రాసే గడి రెండింట్లోనూ లేదు.

కంపెనీల ఫారాలు యంత్రం నింపుతుంది. ఒక్క గడి ఖాళీగా ఉండదు. మనుషులు నింపే ఫారాల్లో ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువే. సంతకం మరిచిపోతారు. వీధి పేరు రాసి ఊరి పేరు రాయరు. కారణం రాయమన్నచోట బతుకంతా రాస్తారు. వాటిని పంతులమ్మ పరీక్ష కాగితాలు దిద్దినట్టు పెదవులు కదుపుతూ చదివేది. ఆ పేరు అందుకే వచ్చింది. మూడేళ్ళలో ఆమె దిద్దిన దాంట్లో తప్పు పట్టినవాడు లేడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, మనసులో కొంచెం గొప్పగానే ఉండేది.

వీడియోలకు శబ్దం పెట్టుకుని వినేవాళ్ళు ఆ గదిలో లేరు. ప్రతి సీటు పక్కనా మేకుకు హెడ్‌ఫోన్లు వేలాడుతుంటాయి. వింటూ కూర్చుంటే తొంభై సెకన్లు చాలవు, చెవులు పుళ్ళు పడతాయి. పాట ఎక్కడుందో యంత్రమే కనిపెట్టి వీడియో కింద ఎర్రటి గీత గీస్తుంది. ఆ గీత చూస్తే చాలు.

“పాట నాది కాదని తనే అన్నాక ఇంకేముంది పంతులమ్మగారూ. దొంగతనం ఒప్పుకున్నట్టేగా,” అంటూ మీసాలాయన తిరస్కరించే మీట నొక్కాడు.

అది ఆ ఖాతా మీద మూడో ఫిర్యాదు. మూడోది నిలబడితే ఏడు రోజుల్లో ఖాతా మొత్తం మూసేస్తారు. అందులో ఉన్నవి డెబ్బై మూడు వీడియోలు, అన్నిట్లోనూ ఏదో ఒక పాట.

‘ఆయన మా బావ’ అని ఆమె లేచి చెప్పవచ్చు. చెబితే ఆమెకొచ్చే నష్టమేమీ లేదు, ఆ ఫారం ఆమె ముట్టుకోకూడదంటారు, అంతే. కానీ నవ్వు ఇంకా గదిలోనే తిరుగుతోంది. దాని మధ్యలో నిలబడి ఆ మాట అనడానికి ఆమెకు నోరు రాలేదు. తర్వాతి ఫారం తెరిచింది. అందులో ఊరి పేరు లేదు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా బావ కొట్టుకు వెళ్ళింది.

అది మెట్ల కింద మిగిలిన జాగా. గుమ్మం దగ్గర నిలబడవచ్చు, లోపలికి పోయేకొద్దీ తల వంచాలి. మూడువైపులా అరల్లో రేడియోలు. ఒక్కోదాని చెవికి దారంతో చీటీ కట్టి ఉంటుంది. బావ ఎడమ కంటికి భూతద్దం బిగించుకుని, వెన్ను విప్పిన రేడియో మీదకు వంగి ఉన్నాడు. సోల్డరు కడ్డీ కొన దగ్గర సన్నటి పొగ.

“రా అమ్మాయ్. స్టూలు మీద సామాను కింద పెట్టి కూర్చో.”

ఆమె కూర్చుంది. అతుకు చల్లారేదాకా ఆయన కదల్లేదు. ఆ తర్వాత దాన్ని గోటితో ఓసారి తట్టి చూసి, కడ్డీని స్టాండులో పెట్టాడు.

“ఫారం పంపాను మీ వాళ్ళకి. కుదరదని ఇందాకే జవాబొచ్చింది.”

“చూశాను... అంటే, అలాగే వస్తాయి బావా.”

“నేను తప్పు ఒప్పుకున్నానంట. పాట నాది కాదన్నాను, నిజమే. నాదని ఎప్పుడన్నాను గనక?”

“అలా రాయకూడదు.”

“ఉన్నదేగా రాశాను.”

“ఉన్నది రాయకూడదు బావా అక్కడ.”

“లేనిది రాయమంటావా?”

లేనిది రాసినవాళ్ళ ఫారాలను కూడా ఆమె తిరస్కరించింది.

బావ అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఓ రేడియో పెట్టెకు ఆనించి ఉన్న ఫోన్ అందుకున్నాడు. “పొద్దున తలుపు తీయగానే ఒకటి వేసుకుంటాను. రోజుకొకటి, వరసగా. డెబ్బై మూడూ అయ్యాక మళ్ళీ మొదటికొస్తాను. ఇవాళ నలభై ఆరు.”

తెర మీద బావ చేతులు కనబడ్డాయి. ఏ వీడియోలోనూ ఆయన ముఖం ఉండదు. చేతులు, విప్పిన రేడియో, బల్ల చివర సన్నగా మోగుతూ ఇంకో రేడియో. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే ఆయనకు చెయ్యి ఆడదు. ఫోన్ పట్టుకుని వెనక నిలబడ్డది అక్క.

“అదేంటి, ఆ ఎర్రది?” అంది అక్క గొంతు.

“తీగ.”

“తీగని నాకూ తెలుసు మహానుభావా. దేనికని?”

“స్పీకర్‌కి.”

“ఈయన చేత రెండు మాటలు పలికించే బదులు ఆ రేడియో చేత పలికించడం సుళువు,” అంది అక్క, వీడియో చూసే జనంతో. చేతులు ఒక్క క్షణం ఆగాయి. నవ్వు ఆపుకున్న చేతుల్లా ఉన్నాయి. తర్వాత గరగరమని చప్పుడు, ముల్లు జరిపిన చప్పుడు, ఉన్నట్టుండి పాట. పాట మీద అక్క కేక. “ఆ! పలికింది, పలికింది!”

బావ ఫోన్ ఆపేశాడు.

పంతులమ్మ గోడకేసి చూస్తూ కూర్చుంది. అక్క పోయి పదకొండు నెలలైంది. ఆ వీడియోల జోలికి ఆమె ఒక్కసారీ పోలేదు. పోలేకపోయింది.

“వీటికి కాపీలు లేవా?”

“ఫోన్లో చోటు చాలట్లేదని పెట్టింది పెట్టినట్టే చెరిపేసేది మీ అక్క. అక్కడుంది కదా, కాళ్ళొచ్చి ఎక్కడికైనా పోతుందా అనేది.” ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. కంటి చుట్టూ గుండ్రటి గుర్తు పడింది. “మొన్న ఫోన్లోకి దించుకుందామని చూశాను. రావట్లేదు.”

రాదని ఆమెకు తెలుసు. ఫిర్యాదున్న ఖాతాకు దించుకునే వీలు కట్టేస్తారు.

“రిపేర్లు పోతే పోనీ అమ్మాయ్. రేడియో ఎలా విప్పాలో తెలియక ఎవడూ ఏడవట్లేదు. మీ అక్క మాట ఒక్కటి పోకుండా చూడు. ఇంకెక్కడా లేదది.”

“చూస్తాను బావా,” అంది. ఆఫీసులో నవ్విన సంగతి చెప్పలేదు.

మర్నాడు టీ విరామంలో ఇన్‌ఛార్జి గదికి వెళ్ళింది. ఇన్‌ఛార్జి ఆమె కంటే పదిహేనేళ్ళు చిన్నది. అద్దాల గదిలో కూర్చుని, ఎవరు లోపలికొచ్చినా ముందు గడియారం చూస్తుంది.

“నిన్న తిరస్కరించిన ఖాతా ఒకటి... తిరిగి చూసే వీలుంటుందా అమ్మా?”

“ఏది మేడమ్?”

“రేడియోలు బాగుచేసే ఆయనది.”

“ఓ, రిపేరు నాది!” ఇన్‌ఛార్జి పకపకా నవ్వింది. మాట అద్దాల గది దాకా వచ్చిందన్నమాట. “మీకు తెలిసినవాళ్ళా?”

పంతులమ్మ తనూ గడియారం వైపు చూసింది.

“కాదు. పెద్దాయన, పాపం అనిపించింది.”

“పాపం అనుకుంటూ పోతే మనకు రోజూ పాపమే మేడమ్. తిరిగి చూడటం కుదరదు. అయినా మీకు తెలియనిదేముంది, పన్నెండో నంబరు ఉత్తరం ఉందిగా. గడువులోపు ఖాతాలో పాటలన్నీ తీయించేసుకుంటే కంపెనీ ఫిర్యాదు దానంతటదే పడిపోతుంది. ఖాతా ఉంటుంది, వీడియోలుంటాయి. ఆయనకి ఆ ఉత్తరం కొట్టండి, చాలు.”

కొంగున కట్టుకున్న తాళంచెవి కోసం ఇల్లంతా గాలించినట్టయింది పంతులమ్మకు. పన్నెండో నంబరు ఉత్తరం! ఆమె దాన్ని నిద్రలో కూడా అప్పజెబుతుంది. ‘మీ వీడియోలోని పాటను మాత్రమే తొలగించుకునే సదుపాయం ఉంది. మిగిలిన శబ్దం యథాతథంగా ఉంటుంది. మీ సహకారానికి ధన్యవాదాలు.’ మూడేళ్ళలో ఎన్ని వందల మందికి పంపిందో లెక్కలేదు. ఆ గదిలో పంపే ఉత్తరాలన్నింట్లో కాస్త దయ ఉన్నది అదొక్కటే. మిగతావి తల తీసేవి. ఇది నోరు కట్టేది మాత్రమేనని మీసాలాయన అంటుండేవాడు. అతని మాటల్లో సగం వేళాకోళమే కాబట్టి ఆమె పట్టించుకునేది కాదు.

సెలవు రోజు పొద్దున పదింటికి బావ కొట్లో ఉంది. ఆయన స్టూలు ఖాళీ చేసి, గుడ్డతో తుడిచి ఉంచాడు. అరగంట ముందే తుడిచినట్టుంది.

“పాటలు తీసేస్తాం బావా. అప్పుడు వాళ్ళు ఫిర్యాదు చెయ్యడానికేమీ ఉండదు.”

“పాట తీస్తే రేడియో పలికినట్టు ఎలా తెలుస్తుంది?”

“తెలియకపోతేనేం. అక్క మాట ఉంటుందిగా.”

ఆయన ఆలోచించాడు. “దాని మాట పోదు కదా?”

“పోదు. పాట ఒక్కటే పోతుంది. ఆ ఉత్తరం పంపేది మేమే బావా. రోజూ పంపేది నేనే.”

“అది కాదు అమ్మాయ్. నీ ఫోన్‌తో ఈ ఫోన్ని వీడియో పట్టుకుంటే? అచ్చంగా రాకపోయినా కాస్తో కూస్తో వస్తుంది. ముందు అది చేసి, తర్వాత మీ పద్ధతిలో చెయ్యవచ్చు.”

“డెబ్బై మూడు వీడియోలు. ఒక్కోటీ అరగంట. గడువు ఎల్లుండితో సరి. ఎప్పటికవుతుంది?” ఆమె నవ్వింది. “మీరు మరీ చాదస్తం. మాట పోదన్నానుగా.”

“నువ్వు చెప్పాక ఇంకేముంది,” అన్నాడు బావ. ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

పని మొదలుపెట్టింది. వీడియో తెరవాలి. బొమ్మ కదలదు, కింద గీత మాత్రం కనబడుతుంది. బల్ల చివర ఆ రెండో రేడియో ఎప్పుడూ మోగుతూ ఉండటం వల్ల చాలా వీడియోల్లో గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్రగా ఉంది. ‘పాటను తొలగించు’ అన్నచోట నొక్కాలి. ‘ఈ మార్పును వెనక్కి తీసుకోవడం కుదరదని చదివి ఒప్పుకుంటున్నాను’ అన్నచోట టిక్కు పెట్టాలి. మళ్ళీ నొక్కాలి. ‘మార్పు జరుగుతోంది. రేపటిలోగా పూర్తవుతుంది’ అని వస్తుంది. తర్వాతది తెరవాలి.

చదివి ఒప్పుకుంటున్నానన్న వాక్యాన్ని ఆమె చదవలేదు. కంఠతా వచ్చినదాన్ని ఎవరు చదువుతారు.

బావ ఎదురుగా కూర్చుని పని చేసుకుంటున్నాడు కానీ, చూపు ఇటే ఉంది. కాసేపటికో మాట అడుగుతున్నాడు.

“ఎన్నోది?”

“పంతొమ్మిది.”

“అది ఆకుపచ్చ పెట్టె. దాంట్లో బొద్దింక వచ్చిందని ఫోన్ పడేసింది మీ అక్క. పడేసి, మళ్ళీ నన్నే తిట్టింది.”

ఇంకాసేపటికి, “ఇప్పుడో?”

“ముప్ఫై నాలుగు.”

“అందులో దగ్గుతుంది. అప్పటికి మొదలైందన్నమాట. మేం గమనించలేదు.”

మధ్యలో రెండుసార్లు ఆయనే బయటికెళ్ళి టీ తెచ్చాడు. పంతులమ్మ బొటనవేలు తిమ్మిరెక్కింది. ఒకరిద్దరు రేడియోల కోసం వచ్చారు. ఇవాళ కాదు, పనిలో ఉన్నామని చెప్పి పంపేశాడు. పనిలో ఉన్నామన్నప్పుడు ఆయన గొంతులో చాలా రోజుల తర్వాత కొంచెం హుషారు వినబడింది.

మూడు దాటాక డెబ్బై మూడోది వచ్చింది. కదలని ఆ బొమ్మలో బావ చేతులు ఒక మూలకు జరిగిపోయి ఉన్నాయి. పట్టుకున్న మనిషికి ఫోన్ బరువైనట్టుంది.

“దీన్ని వదిలెయ్యకూడదూ?” అన్నాడు బావ.

“ఒక్కటి మిగిలినా ఖాతా మొత్తం పోతుంది.”

“అవునా.”

ఆయన లేచి వచ్చి ఆమె భుజం వెనక నిలబడ్డాడు. ఆమె టిక్కు పెట్టింది. నొక్కింది. రేపటిలోగా పూర్తవుతుందని వచ్చింది.

“చదువుకున్నవాళ్ళు ఇంట్లో ఒక్కరన్నా ఉండాలనేది మీ అక్క,” అన్నాడు బావ.

ఆమె ఆ మాట వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళింది. ఆ రోజంతా అది వెచ్చగా ఉంది.

మర్నాడు సీట్లో కూర్చోగానే చేసిన మొదటి పని బావ ఖాతా చూడటం. కంపెనీ ఫిర్యాదులు మూడూ రద్దయ్యాయి. ఖాతా పక్కన ఆకుపచ్చ గుర్తు పడింది. వీడియోలు డెబ్బై మూడూ ఉన్నాయి. పంతులమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుని ఆ రోజు ఫారాల్లో మొదటిది తెరిచింది.

పదిన్నరకు ఫోన్ మోగింది. పని వేళల్లో బావ ఎప్పుడూ చేయడు.

“అమ్మాయ్, నా ఫోన్ స్పీకరు పోయినట్టుంది. పొద్దున తలుపు తీసి వేశాను, బొమ్మ ఆడుతోంది, మాట రావట్లేదు.”

“సౌండు తగ్గించి ఉందేమో చూడండి బావా.”

“చూశాను. పెంచాను. తర్వాత విప్పి చూశాను.”

“ఫోనా?”

“ఆ. రెండు గంటలు పట్టింది. స్పీకరు శుభ్రంగా ఉంది. తీగలు బాగున్నాయి. మళ్ళీ బిగించి పక్కింటాయన చేత ఫోన్ చేయించుకున్నాను, బ్రహ్మాండంగా మోగింది. నా ఫోన్లో లోపం లేదు. నువ్వోసారి చూడు.”

పంతులమ్మ మేకుకున్న హెడ్‌ఫోన్లు తీసింది. మూడేళ్ళలో వాటిని తీయడం అదే మొదలు. చెవికి ఆనే మెత్త పొడిపొడిగా రాలి ఒళ్ళో పడింది. పెట్టుకుని మొదటి వీడియో వేసింది. చేతులు కదిలాయి. ఏమీ వినబడలేదు. హెడ్‌ఫోన్లు చచ్చి ఉంటాయనుకుని ఎవరిదో ఇంకో వీడియో వేసింది. చెవులు పగిలేలా మోగింది. తిరిగి బావది వేసింది. మధ్యకు జరిపింది. చివరకు జరిపింది. నలభై ఆరోది వేసింది. చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి. దేనికి ఆగాయో చూసేవాడికి తెలిసే దారి లేదు. ముల్లు జరిగింది. ఫోన్ పట్టుకున్న మనిషి సంతోషానికి బొమ్మ పైకీ కిందికీ ఊగింది. కేక లేదు.

పది వీడియోలు చూసింది. అన్నీ అంతే. గీత ఎంతవరకు ఎర్రగా ఉందో అంతవరకు, పాటతో పాటు గదీ పోయింది, గదిలో మనుషులూ పోయారు.

“అన్నయ్యగారూ,” అంది మీసాలాయన వైపు తిరిగి. “పాట తీసేస్తే మాట కూడా పోతుందా?”

“మాట పాట మీద పడితే పోతుంది. విడదీయడం ఆ యంత్రానికేం తెలుసు? గీత ఉన్నంతమేరా గుడ్డ కుక్కేస్తుంది.”

“ఉత్తరంలో పాట మాత్రమే అని ఉంది కదా.”

“ఉత్తరం మనం రాశామా ఏంటి?”

“మీకెప్పటినుంచి తెలుసు?”

“ఎప్పటినుంచేంటి పంతులమ్మగారూ, రోజూ ఏడుస్తూ రాస్తారుగా జనం. మీకూ వచ్చే ఉంటాయి.” అతను తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. ఇరవై సెకన్లు పోయాయి అతనికి.

వచ్చాయి. ఆమె తన ఉద్యోగి నంబరు కొట్టి పాత ఉత్తరాలు వెతికింది. సౌండు మొత్తం పోయిందండీ. మీరు పాట ఒక్కటే అన్నారు కదండీ. మా నాన్న మాట్లాడింది కూడా పోయింది, అది మళ్ళీ పెట్టగలరా. పాపకి ఇప్పుడు గొంతు మారిపోయింది, చిన్నప్పటిది ఇదొక్కటే ఉంది. ఒక్కోదాని కిందా ఆమె పెట్టిన ముద్ర ఉంది. ‘కొత్త సమాచారం లేదు. ముగించడమైనది.’ అన్నిటికీ తొంభై సెకన్లలోపే పెట్టింది. వాళ్ళకి వీడియో వేసుకోవడం రాదేమో అనుకునేది అప్పట్లో. సౌండు తగ్గించుకుని ఉంటారని.

ఆమె లేచి అద్దాల గదికి వెళ్ళింది. ఇన్‌ఛార్జి గడియారం చూసింది.

“పాట తీయకముందున్న వీడియో మన దగ్గర ఎక్కడైనా ఉంటుందా?”

“ఉండదు మేడమ్. కొత్తది రాగానే పాతది పోతుంది. అన్నీ దాచుకుంటూ కూర్చుంటే చోటెక్కడ సరిపోతుంది?”

“పైవాళ్ళ దగ్గర?”

“ఎవరి దగ్గరా ఉండదు. ఒప్పుకుంటున్నానని ఆయన టిక్కు పెట్టాడుగా.”

“ఆయన పెట్టలేదు. నేను పెట్టాను.”

ఇన్‌ఛార్జి లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. వయసులో చిన్నదైనా చెడ్డది కాదు.

“ఇప్పుడు అన్నదాన్ని నేను వినలేదు. ఇంకెక్కడా అనకండి మేడమ్. తెలిసినవాళ్ళ ఖాతాలో చెయ్యి పెట్టారంటే ఆ నిమిషమే ఇంటికి పంపేస్తారు.”

“ఆ ఉత్తరం మార్చకూడదా? ఒక్క వాక్యమే కదా.”

“నాలుగుసార్లు పైకి రాశాను. మారిస్తే ఎవరూ పాట తీయించుకోరు. అందరూ అభ్యంతరాలే పంపుతారు. అవి చూడ్డానికి మనుషులెక్కడున్నారు?” ఆమె నిట్టూర్చింది. “కొంచెం నీళ్ళు తాగి వెళ్ళి కూర్చోండి.”

పంతులమ్మ నీళ్ళు తాగింది. వెళ్ళి కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఆమె వంతుకు పన్నెండో నంబరు ఉత్తరం పంపాల్సినవి ఆరు వచ్చాయి. మొదటిదాని దగ్గర చెయ్యి ఆగింది. గడియారంలో అంకెలు తొంభై నుంచి కిందికి దిగుతున్నాయి. పది దగ్గరకు వచ్చేసరికి అంకె ఎర్రబడుతుంది. ఎర్రబడింది. పంపింది. మిగిలిన ఐదింటికి అంత ఆలస్యం చేయలేదు.

సాయంత్రం బావ కొట్టుకు నడిచి వెళ్ళింది. దారి పొడుగునా చెప్పవలసింది కూడగట్టుకుంటూనే ఉంది. నాకు తెలియదు బావా. మాకెవరూ చెప్పలేదు. చెప్పలేదనడం అబద్ధం, జనం చెప్పారు, నేనే వినలేదు. ఇలా ఒకటి ఎత్తుకోవడం, అది నిలబడక వదిలేయడం. గుమ్మం చేరేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు.

ఆయన లోపలి కొసన, తల వంచితేగానీ కూర్చోలేని చోట, ఇటు వీపు పెట్టి పని చేసుకుంటున్నాడు. బల్ల చివర రేడియో ఆపేసి ఉంది.

“బావా,” అంది.

సోల్డరు కడ్డీ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయన వెనక్కి తిరగలేదు.

“బావా, నాకు నిజంగా...”

“ఆగు.”

కడ్డీని స్టాండులో పెట్టాడు. భూతద్దం తీశాడు. ఎదురుగా ఉన్న గోడతోనే మాట్లాడాడు.

“నీది అచ్చం మీ అక్క గొంతు. నీకెప్పుడూ చెప్పలేదు నేను. నువ్విలా వెనకనుంచి పిలిచినప్పుడల్లా, మొన్నటిదాకా కూడా, అదే అనుకుని ఒక్క అర క్షణం...”

పంతులమ్మ నోరు తెరిచింది.

“మాట్లాడకు,” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది. “రావద్దని అనను. వస్తే రా, కూర్చుంటే కూర్చో. నా కొట్లో మాత్రం నువ్వు మాట్లాడకు.”

ఆమె స్టూలు మీద కూర్చుంది. ఆయన భూతద్దం బిగించుకుని మళ్ళీ వంగాడు. సోల్డరు కరిగిన వాసన వచ్చింది. ఒక మరమేకు కింద పడి దొర్లింది. ఆమె వంగి తీసి బల్ల అంచున పెట్టింది. ఆయన చూడకుండానే దాన్ని అందుకున్నాడు.

చాలాసేపటికి గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారు. ఆమె ఎరగని మనిషి. లోపలి చీకట్లో వంగి ఉన్న బావ ఆయనకు కనబడినట్టు లేదు.

“అమ్మా, నా రేడియో అయిందా? నల్ల పెట్టె, మొన్న ఇచ్చాను.”

ఆమె బావ వైపు చూసింది. ఆయన తలెత్తలేదు. ఆమె మనిషి వైపు తిరిగి, ఇంకా లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

“ఎప్పుడు రమ్మంటారు?”

ఆమె జవాబు చెప్పలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

ఆ మనిషి ఆమెను మరోసారి పరకాయించి చూశాడు. వెంటనే ఆయన ముఖం మెత్తబడింది. ఒక అడుగు ముందుకు వేసి, అర్థం కాదేమోనని నిదానంగా చేతులు తిప్పుతూ, సూర్యుడు వెళ్ళిపోయి మళ్ళీ రావడం వేళ్ళతో గాల్లో గీసి చూపించాడు. రేపా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

పంతులమ్మ తలూపింది.